సంతకానికి పిలుస్తారు, బేరానికి పిలవరు

తెలుగు నేల మీద భూమి చేతులు మారే చోటల్లా ఒక దృశ్యం దాదాపు ఒకేలా ఉంటుంది. పొలం అమ్ముతున్నా, తాతల నాటి ఇంటి స్థలాన్ని అపార్ట్‌మెంటు కోసం బిల్డరుకు ఇస్తున్నా మాట్లాడుకునేది మగవాళ్లే. గజం ధర ఎంత, భూయజమాని వాటా ఎంత, అడ్వాన్స్ ఎప్పుడు, రోడ్డు వైపు ఫ్లాట్లు ఎవరికి అన్నీ తేలిపోయి దస్తావేజు సిద్ధమయ్యాక, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగి వేలిముద్ర వేసే రోజున ఆ ఇంటి ఆడవాళ్లు వస్తారు. బిల్డరు వైపు చూసినా ఇదే వరస. ఫోన్లు చేసి కొనుగోలుదారుల్ని పిలిచేది, మోడల్ ఫ్లాట్ తిప్పి చూపించేది, బుకింగ్ అయ్యాక వాయిదాల గురించీ ఆలస్యాల గురించీ నెలల తరబడి వాళ్లకు జవాబు చెప్పేది ఎక్కువగా యువతులు. భూమి కొనే విభాగం, అనుమతులు తెచ్చే విభాగం, కట్టే విభాగం, పెట్టుబడి సమకూర్చే విభాగం మగవాళ్లవి. కంపెనీ పగ్గాలు అందేది ఈ నాలుగు దారుల్లోంచే గనక, ముందు గదిలో ఎంతమంది స్త్రీలున్నా నిర్ణయాలు జరిగే గదిలో కనిపించరు. సైటులో తట్ట మోసేవాళ్లలో స్త్రీలుంటారు, తాపీ పట్టిన మేస్త్రుల్లో దాదాపు ఉండరు. వ్యవసాయం తర్వాత దేశంలో అత్యధిక మందికి పని ఇస్తున్న రంగం నిర్మాణమే. అలాంటి రంగంలో అట్టడుగు నుంచి పై అంతస్తు దాకా ఈ ఒక్క గీత ఇంత నిలకడగా ఎందుకు సాగుతోంది?

దీనికి సాధారణంగా వినిపించే సమాధానాలు రెండు. సమాజమే అలా ఉంది, వ్యాపారం ఏం చేస్తుందన్నది ఒకటి. ఈ పని ఆడవాళ్లకు నచ్చదు, వాళ్లే రారన్నది రెండోది. ఇటీవల కార్పొరేట్ ఆఫీసుల్లో మూడో సమాధానం చేరింది: ఎవరూ కావాలని వివక్ష చూపడం లేదు, మనకు ఎరుక లేకుండానే మన మనసులు పక్షపాతం చూపుతున్నాయి, కాబట్టి అందరికీ ఒక పూట శిక్షణ ఇప్పిస్తే సరిపోతుందని. ఈ మూడో మాటలో సత్యం ఉంది, కానీ సగమే. పక్షపాతం మనసులో పుట్టవచ్చు. అది బతికి బలిసేది మాత్రం కాగితం మీదికి రాని నిర్ణయాల్లో. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ఏ పని అప్పగించాలి, ఎవరిని పైకి పంపాలి అన్నవి కొలతలేవీ రాసుకోకుండా, నలుగురి నోటిమాట మీద, పరిచయాల మీద జరిగే చోట ఆ పక్షపాతానికి అడ్డేమీ ఉండదు. మన రియల్ ఎస్టేట్ సరిగ్గా అలాంటి చోటు. అందువల్ల మందు కూడా మనసుల్ని మార్చడంతో కాక, నిర్ణయాల్ని రాతలోకి తేవడంతో మొదలవ్వాలన్నది నా వాదన.

ఎరుక లేని పక్షపాతం అన్న ఆలోచనకు లోకమంతటా ప్రాచుర్యం తెచ్చిన శాస్త్రజ్ఞుల్లో ఒకరు మన ఊరి మనిషి. మహజరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులయ్యారు. ఆంథొనీ గ్రీన్వాల్డ్‌తో కలిసి 1995లో ఆమె రాసిన పరిశోధన పత్రం ఈ రంగానికి పునాది రాయి. మనిషి తనకున్నాయని ఒప్పుకోని, తనకున్నట్టు తెలియని అభిప్రాయాలు కూడా అతని తీర్పుల్ని నడిపిస్తాయని అందులోని సారం. దానికంటే చాలా ముందే, 1968లో, ఫిలిప్ గోల్డ్‌బర్గ్ ఒకే వ్యాసాన్ని కొందరికి మగ రచయిత పేరుతో, కొందరికి ఆడ రచయిత పేరుతో ఇచ్చి చూశాడు. చదివినవాళ్లు కాలేజీ విద్యార్థినులు. మగ పేరున్నప్పుడు అదే వ్యాసానికి ఎక్కువ విలువ కట్టారు. 2012లో అమెరికాలో 127 మంది సైన్సు అధ్యాపకులకు ల్యాబ్ మేనేజరు ఉద్యోగం కోసం ఒకే దరఖాస్తును రెండు పేర్లతో పంపారు. జాన్ పేరు చూసినవాళ్లు సగటున 30,238 డాలర్ల జీతం ఇవ్వవచ్చన్నారు, జెన్నిఫర్ పేరు చూసినవాళ్లు 26,508 అన్నారు. అధ్యాపకురాళ్లూ అధ్యాపకుల్లాగే తక్కువ కట్టారు. ఇది మగవాళ్లు పన్నిన కుట్ర అనుకునేవాళ్లకు ఈ రెండు ప్రయోగాలూ జవాబు. ఆడవాళ్లు కూడా ఇదే గాలి పీల్చి పెరిగారు.

ఈ సిద్ధాంతం మీద గట్టి విమర్శలున్నాయి, వాటిని దాటేయడం న్యాయం కాదు. 1998లో గ్రీన్వాల్డ్, సహచరులు ఒక కంప్యూటర్ పరీక్షను ప్రకటించారు. పదాల్నీ బొమ్మల్నీ ఎంత వేగంగా జతచేస్తామో చూసి లోలోపలి మొగ్గును లెక్కగట్టే పరీక్ష అది. ఒకే మనిషి రెండుసార్లు రాస్తే ఫలితం వేరుగా రావచ్చు. అందులో వచ్చిన అంకెను బట్టి ఆ మనిషి రేపు ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడం కష్టం. దాదాపు 500 అధ్యయనాల్ని కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ మరో మాట చెప్పింది: ఆ అంకెను కొద్దిగా మార్చగలిగినా, దానివల్ల ప్రవర్తన మారుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఇవి నిజమైన లోపాలు. కానీ ఇవి దెబ్బతీసేది ఒక్కొక్క మనిషి మనసును తూచి చెప్పగలమన్న ధీమాను. ఒకే దరఖాస్తుకు, ఒకే పనితనానికి, పేరు మారగానే విలువ మారుతోందన్న సంగతిని ఇవి తాకలేవు. అది పరీక్షలో వచ్చిన మార్కు కాదు, జరిగిన నిర్ణయం. మేనేజరు మనసులో ఏముందో మనకు అక్కర్లేదు. అతని సంతకంతో ఏం జరిగిందో చాలు.

నిర్ణయం దగ్గర పక్షపాతం ఎలా పనిచేస్తుందో విప్పి చూపిన ప్రయోగం ఒకటుంది. రియల్ ఎస్టేట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని తెలుసుకోవాలనుకుంటాను. ఎరిక్ ఉల్మన్, జెఫ్రీ కోహెన్ 2005లో ప్రచురించారు. పోలీసు ఉన్నతాధికారి పదవికి వచ్చిన ఒక అభ్యర్థిని కొందరికి పురుషుడిగా, కొందరికి స్త్రీగా చూపారు. కొన్నిసార్లు ఆ అభ్యర్థికి వీధుల్లో తిరిగిన అనుభవం, లోకజ్ఞానం ఉన్నాయి. మరికొన్నిసార్లు చదువు, పరిపాలన నేర్పు ఉన్నాయి. అనుభవం పురుషుడికి ఇచ్చినప్పుడు, ఈ ఉద్యోగానికి అనుభవమే ముఖ్యమని అన్నారు. చదువు పురుషుడికి ఇచ్చి చూస్తే, చదువే ముఖ్యమన్నారు. అంటే మనిషిని ముందు ఎంచుకుని కొలతను తర్వాత కోసుకున్నారు. అలా చేశామని వాళ్లకు అనిపించలేదు, తాము నిష్పక్షపాతంగా ఉన్నామనే నమ్మారు. అభ్యర్థుల్ని చూడకముందే ఏ గుణానికి ఎంత విలువో తేల్చుకోమన్నప్పుడు ఆ తేడా పోయింది. మనుషులు మారలేదు, వాళ్ల మనసులు మారలేదు. కొలత ముందే ఖాయమైంది, అంతే. ఇప్పుడు మన కంపెనీల్లో భూమి కొనుగోలు విభాగానికి అధిపతిని ఎలా వెతుకుతారో తలచుకోండి. మాట చెల్లుబాటయ్యేవాడు కావాలి, పదిమందినీ సంభాళించాలి, ఎక్కడ తగ్గాలో ఎక్కడ నిలబడాలో తెలియాలి అంటారు. ఈ మాటల్లో ఏదీ కొలతకు లొంగదు. పహాణీలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ చదివి టైటిల్‌లో చిక్కు ఎక్కడుందో పట్టగలగడం, పదిమంది వారసులున్న కుటుంబాన్ని ఒక ఒప్పందానికి తేగలగడం, లేఅవుట్ నిబంధనలు తెలిసి ఉండడం అసలు పనితనం. వీటిని కొలవవచ్చు. కానీ కాగితం మీద రాయనంతకాలం, ఎదుట కూర్చున్న మగవాడికి ఏది ఉంటే అదే ముఖ్యమైపోతుంది.

రాతకూ నోటిమాటకూ ఉన్న ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడాలంటే ఇదే వ్యాపారపు పక్క గదిలోకి, ఇళ్ల రుణాల వైపు, తొంగిచూడాలి. ఇల్లు అదే, కొనే కుటుంబం అదే, పరిశీలించాల్సిన దస్తావేజులు అవే. 1978లో హెచ్‌డీఎఫ్‌సీలో చేరిన రేణు సూద్ కర్నాడ్ 2010 నుంచి 2023లో ఆ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమయ్యేదాకా దాని మేనేజింగ్ డైరెక్టరు. 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరిన అరుంధతీ భట్టాచార్య 2013లో దేశంలోని అతి పెద్ద బ్యాంకు స్టేట్ బ్యాంకుకు తొలి మహిళా చైర్‌పర్సన్ అయ్యారు. ఇద్దరూ ఎవరి వారసులుగానో రాలేదు, కింది మెట్టు మీద చేరి మూడు దశాబ్దాలకు పైగా ఎక్కి వచ్చారు. బ్యాంకుల్లో వివక్ష లేదనడం నా ఉద్దేశం కాదు. బదిలీల దగ్గర, కాన్పుల దగ్గర ఉద్యోగం ఆగిపోయిన స్త్రీలు అక్కడా ఎందరో. అయినా ప్రభుత్వ బ్యాంకులో చేరడానికి పోటీ పరీక్ష ఉంది, పదోన్నతికి పద్ధతి ఉంది, ఎవరు ఎన్ని రుణాలిచ్చారో, అందులో ఎన్ని మొండి బాకీలయ్యాయో ఫైలుంది. ఆ ఫైలు మీద ఉన్న పేరు స్త్రీదైనా అంకె అదే. బిల్డరు ఆఫీసులో అలాంటి ఫైలు లేదు. అదే సమాజం, అవే కుటుంబాలు, అదే నగరం రెండు వ్యాపారాల్లో రెండు రకాల ఫలితాలిచ్చాయంటే, సమాజమే అలా ఉందన్న మొదటి సమాధానం అరకొరదేనని ఒప్పుకోక తప్పదు.

స్త్రీల సంఖ్య పెరిగితే నాయకత్వం దానంతటదే వస్తుందన్న ఆశను అమెరికా అనుభవం నిలబడనివ్వదు. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్ల జాతీయ సంఘం అక్కడ 1908లో ఏర్పడింది. నేడు దాని సభ్యుల్లో 60 శాతానికి పైగా స్త్రీలే. అయినా ఒక స్త్రీ, డోర్కస్ హెల్ఫాంట్, తొలిసారి అధ్యక్షురాలు కావడానికి 1992 దాకా, అంటే 84 ఏళ్లు పట్టింది. ఆఫీసు భవనాలు, మాల్స్ వంటి వాణిజ్య స్థిరాస్తి రంగంలోని స్త్రీల సంఘం క్రూ నెట్‌వర్క్ 2020లో చేసిన సర్వేలో ఉద్యోగుల్లో స్త్రీలు మూడో వంతుకు మించే ఉన్నారు. అత్యున్నత పదవుల్లో మాత్రం 9 శాతమే. ఆ సర్వేలో నన్ను ఎక్కువగా ఆపిన సంగతి ఇంకొకటి. స్థిరమైన జీతంలో స్త్రీలకూ పురుషులకూ తేడా 10.2 శాతం ఉంటే, కమీషన్లు, బోనస్‌లలో 55.9 శాతం ఉంది. జీతం ముందుగా కాగితం మీద తేలేది. కమీషన్ ఎవరికి ఏ అవకాశం దక్కిందన్న దాని మీద, ఆ అవకాశం ఎవరికివ్వాలో ఎవరు తేల్చారన్న దాని మీద ఆధారపడేది. విచక్షణ ఎక్కడ ఎక్కువైతే తేడా అక్కడ ఎక్కువైంది.

కమీషన్ అంటే పనితనమే కదా, ఎక్కువ అమ్మినవాళ్లకు ఎక్కువ వస్తుంది, ఇందులో పక్షపాతం ఎక్కడుందని అడగవచ్చు. జానిస్ మాడెన్ 2012లో ప్రచురించిన పరిశోధన దీనికి నేరుగా జవాబిస్తుంది. అమెరికాలోని రెండు పెద్ద బ్రోకరేజీ సంస్థల్లో షేర్ల బ్రోకర్ల లెక్కలు ఆమె తీసి చూశారు. సంస్థ తన చేతుల మీదుగా పంచే ఖాతాల్లో ఎక్కువ రాబడి వచ్చేవి మగ బ్రోకర్లకు, తక్కువ వచ్చేవి స్త్రీలకు వెళ్తున్నాయి. అటువంటి ఖాతాలే చేతికొచ్చినప్పుడు స్త్రీలూ అంతే సంపాదించారు. తేడా అమ్మే నేర్పులో లేదు, అందిన సరుకులో ఉంది. మన సేల్స్ ఆఫీసుల్లో ఆ సరుకు పేరు లీడ్. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో విల్లా కోసం ఫోన్ చేసిన తెలుగు కుటుంబం ఎవరి చేతికి వెళ్తుంది, పత్రికలో ప్రకటన చూసి రెండు గదుల ఫ్లాటు ధర కనుక్కునే మనిషి ఎవరికి దక్కుతాడు? ఎవరికి ఏ లీడ్ ఏ రోజున ఇచ్చారో పుస్తకం పెట్టని చోట, సంవత్సరాంతాన ఆ అమ్మాయి తక్కువ అమ్మిందన్న తీర్పు సత్యంలా కనిపిస్తుంది. ఆ తీర్పే మరుసటి ఏడు ఆమెకు ఇంకా చిన్న లీడ్ ఇవ్వడానికి కారణమవుతుంది.

ఇంతవరకూ ఆఫీసు సంగతి. ఈ వ్యాపారానికి ముడిసరుకు భూమి. భూమికీ స్త్రీకీ మధ్య చరిత్ర కట్టిన గోడను చూడకపోతే చర్చ పైపైనే మిగిలిపోతుంది. ఈ విషయంలో మనకు గర్వించదగిన రోజు ఒకటుంది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్న మెలికను సుప్రీంకోర్టు 2020లో తీసేసింది. కానీ మన చట్టం అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయటే ఉంచింది. లోపలికి వచ్చిన కూతుళ్ల నుంచి కూడా హక్కు వదులుకున్నట్టు సంతకాలు తీసుకోవడం ఇళ్లలో మామూలైంది. పసుపు కుంకుమ కింద ఇంత ఇచ్చాం కదా అన్న మాట వాటాను బహుమతిగా మార్చేసింది. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీల చేతుల్లో ఉన్నవి దాదాపు 14 శాతం. సొంత పొలం వెంచరుగా మారడం, బంధువుల స్థలాలు కలుపుకుని మొదటి ప్రాజెక్టు కట్టడం మన బిల్డర్లలో ఎందరికో తొలి మెట్టు. ఆ మెట్టు స్త్రీకి పుట్టింట్లోనూ లేదు, మెట్టినింట్లోనూ లేదు.

దీన్ని బట్టి, ఇది పక్షపాతం కాదు, వాస్తవం, స్త్రీల దగ్గర భూమి లేదు గనక భూమి వ్యాపారంలో లేరు అని తేల్చవచ్చా? రెంటినీ విడదీయలేం. తరతరాలుగా భూమి మగవాడి పేరున ఉండడం చూసిన కన్ను, భూమి గురించి మాట్లాడే అర్హతను కూడా మగవాడికే అంటగడుతుంది. పేరు మారినా చూపు వెంటనే మారదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న మొదలైన పంపిణీలో 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరునే ఇచ్చారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు ఇంటి ఇల్లాలి పేరున మంజూరవుతాయి. ఢిల్లీ, హర్యానా, మహారాష్ట్ర వంటి చోట్ల స్త్రీ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తే స్టాంపు డ్యూటీ తగ్గుతుంది. 2024 జులై కేంద్ర బడ్జెట్ ప్రసంగం రాష్ట్రాలు ఈ దారి ఆలోచించాలని కోరింది. ఇవి మంచి అడుగులు, వీటిని తక్కువ చేయను. కానీ ఇవి పట్టా మీద పేరు మారుస్తాయి. ఆ పట్టా ఎప్పుడు అమ్మాలి, ఎంతకు ఇవ్వాలి అని మాట్లాడే కుర్చీ మీద ఇంకా పాత మనిషే ఉండవచ్చు.

పెద్ద కంపెనీల్లో స్త్రీలు ఉన్నారు కదా అన్న అభ్యంతరం తరచూ వస్తుంది. ఉన్నారు. హైదరాబాద్‌లోనూ కడుతున్న బెంగళూరు సంస్థ బ్రిగేడ్‌కు మేనేజింగ్ డైరెక్టరు పవిత్రా శంకర్, జాయింట్ మేనేజింగ్ డైరెక్టరు నిరుపా శంకర్, సంస్థాపకుడి కుమార్తెలు. వాళ్లు భూమి కొనుగోళ్లూ పెట్టుబడులూ నిర్మాణాలూ అన్నీ చూస్తున్నారు. ఈ పని స్త్రీల వల్ల కాదన్న మాటను వాళ్ల రోజువారీ పనే కొట్టేస్తోంది. అయితే యజమాని కూతురికి తెరుచుకున్న తలుపు అదే ఆఫీసులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న సీనియర్ ఇంజనీరుకు తెరుచుకోదు. కూతురి విషయంలో కొలత ముందే ఖాయమైంది, ఆమె వారసురాలు గనక నేర్పించారు, సైటుకు తీసుకెళ్లారు, తప్పు చేస్తే మళ్లీ అవకాశమిచ్చారు. తక్కిన స్త్రీలకు అందనివి ఆ మూడే. నేర్పిస్తే స్త్రీ చేయగలదని కుటుంబ సంస్థలే నిరూపించాక, నేర్పించకపోవడానికి మిగిలిన సాకు ఏమిటో వాళ్లే చెప్పాలి.

అన్నిటికంటే బలంగా వినిపించే అభ్యంతరం పని స్వభావం గురించి. సైటులో దుమ్ము, రాత్రిపూట కాంక్రీటు, ఊళ్లలో గొడవలు, కబ్జాదారులు, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్లు, ఇవన్నీ ఆడవాళ్లకు ఎందుకమ్మా అంటారు. చాలామంది నిజమైన ఆదరంతోనే అంటారు. కానీ సైటులో స్త్రీ లేనిదెప్పుడు? పాలమూరు కూలీల బృందాలు ప్రాజెక్టుల నిర్మాణానికి దేశమంతా తిరిగాయి. ఆ బృందాల్లో స్త్రీలు ఎండలో మట్టి మోశారు. ఇవాళ్టి టవర్ల కింద కూడా ఇసుక, ఇటుక మోస్తున్నారు. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో పసిపిల్లలకు గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పిందంటే, అక్కడ తల్లులు పెద్ద సంఖ్యలో ఉంటారని పార్లమెంటుకే తెలుసు. కాబట్టి దుమ్ములో స్త్రీ ఉండడం ఎవరికీ అభ్యంతరం కాలేదు. దుమ్ములో నిలబడి ఆజ్ఞ ఇవ్వడమే అభ్యంతరమైంది. తాపీ పని చూడండి. అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి స్త్రీల సంఘం ‘సేవా’ స్త్రీలకు ఆ పని నేర్పే బడి పెట్టింది. ఝార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణానికి మేస్త్రులు చాలకపోతే స్త్రీలకు శిక్షణ ఇచ్చారు, రాణీ మిస్త్రీలన్న పేరుతో వాళ్లు ఊరూరా కట్టారు. ఏళ్ల తరబడి పక్కనే నిలబడి తట్ట అందించిన మనిషికి తాపీ ఎవరూ అందించకపోవడమే అసలు అడ్డంకి అయింది. ఇక భద్రత మాట. అది నిజమైన సమస్య. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. భద్రత కల్పించడం యజమాని బాధ్యత. బాధ్యతను నెరవేర్చకుండా దాన్నే కారణంగా చూపి స్త్రీని పక్కన పెట్టడం న్యాయం కాదు.

భూయజమానులే ఆడవాళ్లతో మాట్లాడరు, మేమేం చేస్తామన్న మాట దీనికి తోడు. ఎదుటివాడి పక్షపాతాన్ని మన విధానంగా మార్చుకునే ఈ వాదనకు మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద పరిశోధన సమాధానం చెబుతుంది. పశ్చిమ బెంగాల్‌లో పంచాయతీ ప్రధాన్ పదవుల్లో మూడో వంతు స్త్రీలకు కేటాయించినప్పుడు ఏ ఊరికి వస్తుందన్నది ఆ ఊరి ఇష్టాయిష్టాలతో పని లేకుండా తేలింది. దాన్ని ఆధారం చేసుకుని లోరీ బీమన్, రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టొపలోవా 2009లో ఫలితాలు ప్రకటించారు. ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ వినిపించారు. ఎన్నడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్లలో పురుషులు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. ఒకసారి చూసిన ఊళ్లలో ఆ తేడా మాయమైంది. గమనించాల్సింది ఏమిటంటే, నాయకుడు మగవాడైతేనే ఇష్టం అన్న భావన వాళ్లలో పోలేదు. ఇష్టం అలాగే ఉండి, చేతనవుతుందా కాదా అన్న అంచనా మారింది. రెండు విడతలు మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్లలో రిజర్వేషన్ లేని స్థానాల్లోనూ స్త్రీలు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు. మన ఊళ్లలో సర్పంచి భర్తలు పెత్తనం చేస్తున్న మాట నిజమే. రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవైనా కుర్చీ ఒకరిది, మాట ఇంకొకరిదిగా ఉన్న ఊళ్లు లేకపోలేదు. అయినా బెంగాల్ చెప్పిన పాఠం తిరుగులేనిది. భూయజమాని మనసు మారాక స్త్రీని పంపుదామని కూర్చుంటే అది మారదు. పంపితే, ఆమె చేతుల మీదుగా రెండు ఒప్పందాలు సజావుగా తీరితే మారుతుంది. ఒక మాట కూడా చేర్చాలి. ఆ భూయజమాని ఇంట్లో సంతకానికి మాత్రమే పిలుపు అందుకునే తల్లి, అక్కచెల్లెళ్లు ఉన్నారు. బిల్డరు తరఫున స్త్రీ వెళ్తే బేరం దగ్గర వాళ్లూ నోరు విప్పవచ్చు, తర్వాత కోర్టుల దాకా వెళ్లే వారసుల తగాదాలు కొన్ని ఆ రోజే బయటపడవచ్చు. వ్యాపారానికి అది నష్టం కాదు.

ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాల గురించి క్లుప్తంగా. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలంది. ఆ స్థానాల్లోకి యజమానుల ఇంటి స్త్రీలే వచ్చారన్న విమర్శల తర్వాత సెబీ 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టరును తప్పనిసరి చేసింది. ఆ 1,000 కంపెనీలే ఏటా ఉద్యోగుల్లో, బోర్డులో, జీతాల్లో స్త్రీ పురుషుల లెక్కలు చెప్పాలి. మంచి నియమాలే, కానీ మన నగరాల్లో కడుతున్న బిల్డర్లలో అత్యధికులు లిస్టెడ్ కాదు, వాళ్లలో ఎక్కువమందికి ఇవి వర్తించవు. క్రెడాయ్, నరెడ్కో వంటి బిల్డర్ల సంఘాలు మహిళా విభాగాలు పెట్టాయి. పరిచయాలు పెరగడానికి అవి పనికొస్తాయి. ప్రభుత్వంతో భూముల విధానం మాట్లాడే ప్రధాన వేదిక అలాగే ఉండి, స్త్రీలకు పక్కన వేరే గది ఏర్పడితే మాత్రం పాత గీతనే మళ్లీ గీసినట్టవుతుంది. శిక్షణ తరగతుల సంగతి ఇంకా బలహీనం. అమెరికాలో 708 సంస్థల మూడు దశాబ్దాల లెక్కలు చూసిన 2006 నాటి పరిశోధనలో, మేనేజర్లకు ఇచ్చే శిక్షణ అన్నిటికంటే తక్కువ ఫలితమిచ్చింది. ఫలానా పనికి ఫలానా మనిషి జవాబుదారీ అని ఏర్పాటు చేసిన చోట ఎక్కువ ఫలితం కనిపించింది.

రాతకోతలు పెద్ద కంపెనీలకు సరే, పాతికమంది ఉన్న బిల్డరు ఇవన్నీ ఎక్కడ చేస్తాడన్నది చివరి అభ్యంతరం. ఇదే మాట స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వచ్చినప్పుడూ విన్నాం. 2016 చట్టానికి ముందు సూపర్ బిల్టప్ ఏరియా అంటే ఎంతో బిల్డరు నోటి మాటే లెక్క. ఒక ప్రాజెక్టుకు వసూలైన డబ్బు ఇంకో భూమికి వెళ్లిపోయేది. 2017 మే నుంచి కార్పెట్ ఏరియా కాగితం మీదికి వచ్చింది, కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలోకి వచ్చింది, ప్రమోటరు, ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు పేర్లు అందరికీ కనిపించే చోటికి వచ్చాయి. వ్యాపారం ఆగిపోలేదు, రాతకు అలవాటు పడింది. కొనేవాడితో వ్యవహారంలో జరిగిన ఆ మార్పు ఆఫీసు లోపలి వ్యవహారంలో జరగడమే ఇప్పుడు మిగిలి ఉంది. దానికి కావలసినది ఎక్కువేం లేదు. ఉద్యోగానికి మనుషుల్ని చూడకముందే ఏ నేర్పుకు ఎన్ని మార్కులో ఒక పేజీలో రాసుకోవాలి. లీడ్లు ఎవరికి ఏ వరసలో ఇచ్చారో ఒక పుస్తకం పెట్టాలి. భూమి బేరానికి వెళ్లే ప్రతి బృందంలో నేర్చుకునే స్థానంలోనైనా ఒక స్త్రీని ఉంచాలి. పదోన్నతి ఇచ్చినప్పుడు ఎందుకిచ్చారో, ఇవ్వనప్పుడు ఎందుకివ్వలేదో రెండు వాక్యాలు ఫైలులో ఉండాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా సంస్థలకు, రెండు రాష్ట్రాల బిల్డర్ల సంఘాలకు నా విన్నపం ఒకటే. ప్రతి నమోదిత ప్రమోటరు నుంచి ఏడాదికోసారి నాలుగు విభాగాల లెక్క అడిగి ప్రచురించండి: భూమి కొనుగోలు, అనుమతులు, నిర్మాణం, పెట్టుబడి విభాగాల్లో నిర్ణయం తీసుకునే స్థానంలో ఎంతమంది ఉన్నారు, వారిలో యజమాని కుటుంబానికి చెందని స్త్రీలు ఎందరు. ఈ ఏడాదే అడగండి.